ఎనిమిది మీటల మీద సత్యవాణి కోలాటం

మా మరదలు సత్యవాణికి గర్వమని నేను చెప్పని తెలుగిల్లు సింగపూరులో లేదు. వెనకనుంచి పిలిస్తే పలకదు. ఫోను చేస్తే ఎత్తదు, మెసేజ్ పెట్టమంటుంది. నేను చదివింది మూడో తరగతి. ఆ మెసేజీలు కూడబలుక్కుని చదివేలోపు రైలు నా స్టేషను దాటి పోతుంది. తమ్ముడి భార్య కదా అని ఊరుకోలేదు, మొహం మీదే అడిగాను.

"ఏమే, మాటకు బదులిస్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

నా మొహంకేసి చూసి నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఇంకా మండింది.

సత్యవాణిది మండపేట. తండ్రి రైసు మిల్లులో గుమస్తా. చిన్నప్పుడే కోలాటం నేర్చుకుంది. కాపురానికి వచ్చినప్పుడు పెట్టెలో చీరల కింద కోలాటం కర్రలు పెట్టుకొచ్చింది. మా అమ్మ చూసి, "ఇవి ఎవర్ని కొట్టడానికమ్మా?" అని అడిగింది. కొడుకు పృథ్వీకి సింగపూరు తూర్పు కొసనున్న చాంగీ బిజినెస్ పార్కులో ఉద్యోగం వచ్చాక మొగుడూ పెళ్ళాలిద్దరూ వాడి దగ్గరికి వచ్చేశారు. సెరంగూన్‌లో వాళ్ళుండే కండోమినియంలోనే ఆడవాళ్ళను పోగుచేసి కోలాటం మొదలుపెట్టింది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని నడుములు పట్టేసిన పిల్లలు ఆవిడ ఈల వేస్తే బొంగరాల్లా తిరిగేవారు. తమ్ముడు పోయాక ఆవిడకు మిగిలింది ఆ శనివారం సాయంత్రాలే. ఆ మాట మాత్రం నేను ఒప్పుకుంటాను. ఊరికి పడమటి కొసన నేనుండే బూన్ లే నుంచి రైలెక్కి ప్రతి శనివారం నేను వెళ్ళేది కూడా ఆ కోలాటం చూడటానికే.

కిందటేడు పృథ్వీ ఎవరో వాడేసిన పెట్టె ఒకటి కొన్నాడు. చపాతీల పీటంత ఉంటుంది. దానిమీద నిలువు గాళ్ళు, గాడికో మీట. మీటను పైకీ కిందికీ జరపడమే పని.

"మిడి కంట్రోలర్ అత్తయ్యా. పాటలో ఒక్కో వాయిద్యం సౌండు పెంచడానికీ తగ్గించడానికీ" అన్నాడు.

"మరి దీంతో వాయించలేవా?"

"లేను."

వాయించలేని వాయిద్యాన్ని ముచ్చటపడి కొనుక్కున్నవాణ్ణి వీణ్ణే చూశాను. సత్యవాణి మాత్రం దాని చుట్టూ తిరిగింది. మీటలు వేలు పెట్టి లెక్కపెట్టింది. "తక ధిమి తక జను, సరిగ్గా ఎనిమిది" అంది. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని తనకు కావలసినట్టు మార్పించుకుంది.

ఆ తర్వాతనుంచి ఒక్కో మీటా ఒక్కో దెబ్బ. మీట పైనుంటే కర్రలు ఖంగుమన్నట్టు మోగుతుంది. సగంలో ఉంటే మెత్తగా మోగుతుంది. అడుగుకు దించితే ఆ దెబ్బ ఉండదు. కంప్యూటరు ఎడమనుంచి ఒక్కో మీటనే చూసుకుంటూ పోయి, చివరిదయ్యాక మళ్ళీ మొదటికొస్తుంది. వంతు వచ్చిన మీట కింద చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. స్పీకరులోంచి దరువు అలా తిరుగుతూనే ఉంటే ఆడవాళ్ళు పాట పాడుకుంటూ ఆడాలి. అడుగు మార్చాలంటే సత్యవాణి వంగి రెండు మీటలు జరిపేది, దరువు మారిపోయేది.

"దీనికోసం స్టెప్ సీక్వెన్సరని వేరే మిషనుంది. మా అమ్మ దీన్నే అది చేసేసింది" అని పృథ్వీ మురిసిపోయాడు.

కోలాటం పిల్లల్లో ఆమనికి అది నచ్చలేదు. ఆ పిల్ల ఏదో బ్యాంకులో పెద్ద ఉద్యోగి. "ఆంటీ, ఫోన్లో బోలెడు పాటలున్నాయి. ఈ టక్ టక్ ఏంటి, కన్‌స్ట్రక్షన్ సైట్ లాగా" అని వెనకనుంచి అంటే సత్యవాణి తిరిగి కూడా చూడలేదు. తల వంచుకుని మీటలు సర్దుకుంది.

ఒకరోజు దీపాలు కంట్లో పొడుస్తున్నాయని పృథ్వీ వాటిమీద నల్ల టేపు అతికించాడు. సత్యవాణి చూసింది. గోటితో ఆ టేపంతా పీకి ఉండచుట్టి కొడుకు చేతిలో పెట్టింది. అంత కోపం ఆ మొహంలో నేనెన్నడూ చూడలేదు.

"ఈ వయసులో దీపాల మోజేమిటే నీకు?" అన్నాను. పలకలేదు.

చివరికి ఆమని, కాత్యాయని అనే మరో పిల్లను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "పెద్దాంటీ, మీరైనా చెప్పండి. మేం ఏం చెప్పినా అసలు పట్టించుకోరు. ఉగాది ప్రోగ్రాం అయ్యాక వేరే టీచర్ని పెట్టుకుంటాం."

వాళ్ళు చెప్పింది చెప్పినట్టు సత్యవాణి చెవిన వేశాను. రెండుసార్లు చెప్పించుకుంది. కర్రలు ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత, "ఉగాదికి జడకోలాటం వేయిస్తాను వదినగారూ. అది చూశాక మాట్లాడమనండి" అంది.

జడకోలాటం ఆటలాడుకునే పని కాదు. పైన కొక్కేనికి రంగురంగుల తాళ్ళు కడతారు, తాడుకొకరు, ఒక చేత తాడు, రెండో చేత కర్ర. సగం మంది కుడికీ సగం మంది ఎడమకూ ఒకరినొకరు దాటుకుంటూ తిరిగితే తాళ్ళు జడలా అల్లుకుంటాయి. వచ్చిన దారినే వెనక్కి తిరిగితే విడిపోతాయి. ఒక్కరు అడుగు తప్పినా చిక్కు పడుతుంది, ఆ చిక్కుకు కత్తెరే గతి.

ఉగాదినాడు ఫంక్షన్ రూము కిక్కిరిసింది. టిష్యూ పొట్లాలు పెట్టి, ఇక్కడివాళ్ళ మాటలో 'చోప్' చేసి, ఆపుకున్న ముందు కుర్చీల్లో ఒకదాంట్లో నేను కూర్చున్నాను. సత్యవాణి తాడు పట్టుకోలేదు. ఎదురుగా స్టూలు మీద పెట్టె పెట్టుకుని, మెడలో ఈల, చేతుల్లో కర్రలతో నిలబడింది. దరువు మొదలైంది. పిల్లలు పాట ఎత్తుకున్నారు. జడ సగం దాకా దిగింది, అద్దకం చీర అంచులా ఉంది. నాకే ఒళ్ళు పులకరించింది.

అంతలో తర్వాతి అంశం వాళ్ళెవరో తమ కంప్యూటరుకు కరెంటు కావాలని స్పీకరు ప్లగ్గు పీకేశారు. దరువు ఆగిపోయింది. పాట ఆగింది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ తాళ్ళు పట్టుకుని నిలబడిపోయారు. పృథ్వీ గోడ దగ్గరికి పరుగెత్తాడు.

సత్యవాణి ఆగలేదు. చూపు పెట్టె మీదే ఉంది. దీపాలు వాటి పాటికవి వెలుగుతున్నాయి, ఆవిడ కర్రలు కొడుతూనే ఉంది. హాల్లో ఆ కర్రల చప్పుడొకటే. కాసేపటికి తలెత్తింది. నిలబడిపోయిన పిల్లల్ని చూసి చిరాకుగా ఈల వేసింది.

"ఆంటీ, సౌండ్ లేదు" అంది ఆమని, తాడు వెనకనుంచి.

సత్యవాణి హాలంతా వినబడేలా అరిచింది: "దరువు నడుస్తూనే ఉంటే ఆగారేమిటి? చెవులు లేవా మీకు?"

నా చేతిలోని ఉగాది పచ్చడి గిన్నె ఒళ్ళో ఒలికిపోయింది. చూసుకోలేదు. పృథ్వీ ప్లగ్గు చేత్తో పట్టుకుని గోడ పక్కనే బొమ్మలా ఉండిపోయాడు. ఒకే ఇంట్లో ఉంటూ కన్నకొడుకుకు తెలియలేదు. వారం వారం ఎదురుగా కూర్చుని వంకలు పెట్టిన నాకు తెలియలేదు. ఆవిడ వినడం ఎప్పుడో మానేసింది. ఆ దీపాలను చూసి ఆడిస్తోంది.

మా మొహాలు చూసి సత్యవాణికి అర్థమైపోయింది. కర్రలు కిందికి దిగాయి. వెళ్ళిపోవడానికి ఒక అడుగు వెనక్కి వేసింది కూడా.

ఆమని తాడు వదలకుండానే ముందుకు వంగింది, తన మొహం ఆవిడకు కనబడేలా.  తన కర్ర పైకెత్తి, సత్యవాణి కర్రలకేసి చూపించింది. తర్వాత పృథ్వీ వైపు తిరిగి వద్దన్నట్టు తలూపింది. ప్లగ్గు వాడి చేతిలోనే ఉండిపోయింది.

సత్యవాణి పెట్టెకేసి చూసింది. దీపం తిరిగి తిరిగి మొదటి మీట కిందికి వచ్చేదాకా ఆగింది. కర్రలు ఖంగుమన్నాయి. పిల్లలు ఆ చప్పుడు పట్టుకుని వెనక్కి తిరగడం మొదలుపెట్టారు. పాట లేదు, స్పీకరు లేదు. కాళ్ళూ కర్రలూ మాత్రమే. చివరి తాడుదాకా జడ విడిపోయింది. ఒక్క చిక్కు పడలేదు.

జనం చప్పట్లు కొడుతుంటే నేను వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

"ఎన్నాళ్ళనుంచే?"

"మీ తమ్ముడున్నప్పుడే మొదలైంది. ఇప్పుడు మొహం చూస్తేగానీ మాట తెలియదు."

"నాకు చెప్పొద్దూ?"

"మీకు చెబితే బూన్ లే నుంచి చాంగీ దాకా తెలుస్తుంది వదినగారూ. అప్పుడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చూడమనేవాళ్ళు."

నేను చీర మీద పచ్చడి మరక తుడుచుకోవడం మొదలుపెట్టాను. 

ఆమని చెమట తుడుచుకుంటూ వచ్చి, నన్ను కాస్త పక్కకు జరిపి, సరిగ్గా ఎదురుగా నిలబడింది. ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"ఆంటీ, శనివారం ప్రాక్టీసు ఎన్నింటికి?"

సత్యవాణి ఆ పిల్ల పెదాలనే చూసి, ఈల మెడలో సర్దుకుంది.

"ఎప్పుడూ వచ్చే టైముకే. నువ్వు మూడో అడుగు ఈడుస్తున్నావు, అది సరిచేసుకుని రా."