నీళ్లెప్పటికి కావాలనే సేటు

సౌకార్‌పేటలో నా ముఖం చూసి లక్ష రూపాయలు తీసిచ్చిన వడ్డీవ్యాపారి సేటు ఒకాయన ఉండేవాడు. రైతు ఎవరెళ్లినా ఎంత కావాలని అడిగేవాడు కాదు. బంగారం తూచే తక్కెడ పక్కకు జరిపి, "నీళ్లెప్పటికి కావాలి?" అనేవాడు.

ఒకసారి పొన్నేరి దగ్గర మా పొలంలో బోరు మోటారు కాలిపోయింది. ఈనబోతూ పొట్టమీదున్న వరి ఎండిపోతోంది. బ్యాంకువాళ్లు నెల ఆగమన్నారు. "రేపటికి" అనగానే సేటు లేచి డబ్బిచ్చాడు. అదే డబ్బు నెల తర్వాత అందుంటే గడ్డి కోసుకునేవాణ్ణి. ఆ ఏడాది వడ్ల బస్తాలకు ఇంట్లో చోటు చాలలేదు.

సరే, లక్ష కాదు, నలభై వేలు. ముఖం చూసీ కాదు, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టుకొని.

రాసిందంతా చదివి వినిపిస్తే ఆవిడ ఊరుకుందా?

"ఏమయ్యా, ఆ సేటు కాడికి పోయింది నేను గదా! నువ్వు గట్టుమీద కూచోని ఏడస్తా వుంటివి."