వరమ్మ అన్న ఆమెన్

వరమ్మ మంచిదే, నోరే ఊరుకోదు. తాడేపల్లిగూడెం దగ్గర మా కాలవలో ఎవరైనా బట్టలుతుకుతుంటే ఆగి మరీ, "ఈ నీళ్లు మా ఊరు దాటుకునే వచ్చాయండీ, కాస్త మర్యాదగా వాడుకోండి" అనేది. ఎక్కడో నాసిక్ కొండల్లో పుట్టి, పాపికొండల సందున ఇరుక్కుని, ధవళేశ్వరం దగ్గర మా కాలవలకు నీళ్లు పంచే గోదారి తన సొంత చుట్టమన్నట్టు మాట్లాడేది. నాకు ఒళ్లు మండేది. గోదారేమైనా ఈవిడ సొత్తా?

ఆమెది పాపికొండలకు పైన, ఒడ్డునే ఉన్న ఊరు. గోదారికి అడ్డంగా కొత్తగా కడుతున్న ఆనకట్ట పూర్తయితే మునిగే ఊళ్లలో అదొకటి. వద్దని టెంటు వేసుకుని కూర్చున్నవాళ్లలో వరమ్మే ముందుండేదట. వరదలకు ఇల్లు కూలాక, మనసు చంపుకుని మా ఊరి చివర నిర్వాసితులకు కట్టిన కాలనీకి వచ్చింది. తమ్ముడు పాపారావు మాత్రం కదలనన్నాడు. "కాళ్లే వెళ్తున్నాయిరా, నోరు నీ వైపే ఉంటుందని వాడికి మాటిచ్చానండీ స్టెల్లాగారూ" అని మా చేలో నాట్లేస్తూ నాతో చెప్పింది.

మొన్న మా చర్చిలో కోతపండుగ. వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, కొల్లేరు చేపలు, ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి ఆల్టర్ ముందు పెడతాం. ప్రార్థనయ్యాక వేలం వేస్తాం. వరమ్మ కోడిపెట్టను తెచ్చింది. తమ్ముడికి పాటలంటే ప్రాణమని ఫోన్ కలిపి ఒళ్లో పెట్టుకుంది. వాడు అక్కడ సిగ్నల్ కోసం గుట్టెక్కి వింటున్నాడు.

సంఘపెద్ద జేమ్స్‌గారు ప్రార్థన అందుకున్నారు. ఆయన ఒక్కో మాట అనడం, మేమందరం ఆమెన్ అనడం మాకు అలవాటు.

"వర్షాలకు స్తోత్రం!"

ఆమెన్.

"పంటకు స్తోత్రం!"

ఆమెన్.

"ఆ ఆనకట్ట త్వరగా పూర్తి చేయించి, మా రెండో పంటకు, దాళవాకు నిండా నీళ్లివ్వు తండ్రీ!"

ఆమెన్ అన్నాం. అందరికన్నా గట్టిగా వరమ్మ అంది.

అన్నాక గానీ తెలియలేదు ఆమెకు. గబుక్కున నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఒళ్లో ఫోన్‌లోంచి "అక్కా" అని వినిపించింది. లేచి వరండాలోకి పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్లాను.

"అక్కా, ఆమెన్ అన్నది నువ్వేనా?"

"కాదని చెప్పెయ్ వరమ్మా! అంతమందిలో ఎవరి గొంతో వాడికేం తెలుస్తుంది?" అని గొణిగాను.

ఆమె నా వంక చూడనైనా చూడలేదు. "నేనేరా. అలవాటులో వచ్చేసింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను తమ్ముడూ" అంది.

వాడు నెమ్మదిగా, "సర్లే అక్కా. అన్నం తిన్నావా?" అన్నాడు.

తిట్టినా బాగుండేది. వరమ్మ అక్కడే గోడ పక్కన కూలబడి గుండెలవిసేలా ఏడ్చింది. పండుగ భోజనానికి ఎంత పిలిచినా రాలేదు. ఆ ప్రార్థనకు నేను మాత్రం మనస్ఫూర్తిగానే ఆమెన్ అన్నాను. లోపలికి వెళ్లి బంతిలో కూర్చున్నాను, చేపల పులుసు మారు వడ్డిస్తే వద్దనకుండా తిన్నాను. సిగ్గుండాలి నాకు!