మండీ అమ్మ గీసిన ఏనుగు

మండీ అమ్మ పోయారని పుంగనూరు బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. నిజం చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. శనివారం గుడుపల్లె దగ్గరి చిన్న బడిలో పిల్లల తల్లిదండ్రులను ఆవిడ కలవాలి. అక్కడ బొమ్మల క్లాసు ఉండాలో వద్దో ఆ రోజే తేలుతుంది. ఇప్పుడు నేనొక్కడినే వెళ్లాలి.

మీలో చాలామందికి ఆవిడ మదనపల్లెలో టమోటా మండీ నడిపిన మనిషిగానే తెలుసు. మండీ కొడుక్కి అప్పజెప్పాక, కుప్పం దాకా ఉన్న చిన్న బడులకు రంగులూ కుంచెలూ, నాలాంటి డ్రాయింగు మాస్టర్లనూ పంపడమే పనిగా పెట్టుకున్నారు. రంగు డబ్బాలు టమోటా క్రేట్లలోనే వచ్చేవి. క్లాసులో ఆవిడ పిల్లల మధ్య కింద కూర్చునేవారు. బయటికి వెళ్లాలంటే చెయ్యెత్తి నన్ను అడిగేవారు. ఆవిడకు బొమ్మలు అసలు రావు. టమోటా గీస్తే పిల్లలు "అవ్వా, ఇది వంకాయా?" అని నవ్వేవాళ్లు. "మా మండీలో దీన్నే టమోటా అంటార్రా" అనేవారు.

నలుగురి ముందు నోరు విప్పాలంటే నాకు వణుకు. అది చూసి ఒకసారి అన్నారు: "మండీలో మొదటి దినం వేలం పిలిచేదానికి నాకు గొంతే రాలేదప్పా. భయపడతానే నిలబడితిని." నన్ను పిల్లల ముందు నిలబెట్టింది ఆవిడే.

తప్పు జరిగింది ఆ గుడుపల్లె బడిలోనే. గోడ మీద ఏనుగులు గీయమని అమ్మ పిల్లలకు చెప్పారు. పిల్లలు కదల్లేదు. సిగ్గేమో అనుకుని తనే స్టూలెక్కి పెద్ద ఏనుగును గీశారు, కళ్లతో సహా. దాని కింద పిల్లలూ గీశారు. అడవి అంచునున్న ఆ ఊళ్లో ఏనుగు పేరు కూడా పలకరనీ, 'సామి' అంటారనీ మా ఇద్దరికీ తెలియదు.

నాలుగో రోజు ఏనుగుల గుంపు కొండ దిగి, మూడో తరగతి పాప వాళ్ల రాగి చేనంతా తొక్కేసింది. పాప తండ్రి బడికి వచ్చాడు. "పేరెత్తేదానికే మేం జంకుతాం. మీరు గోడ మీదికే పిలిస్తిరి కదమ్మా!"

బొమ్మకూ దానికీ ఏం సంబంధమని నేను అనబోతే అమ్మ నా చెయ్యి నొక్కారు. చేను దాకా నడిచి చూసి వచ్చారు. "ఈడ బతికేది మీరు. అడక్కుండా గీస్తిని, తప్పు నాదే. శనివారం వస్తాను. అందరూ కూడి ఏం చెప్తే అది చేస్తా" అన్నారు. తిరుగు దారిలో నాతో అన్నారు: "ఈ బడి వద్దంటే మిగిలిన ఊర్లూ వద్దంటాయి. భయంగా ఉండాదప్పా." నాతో ఆవిడ అన్న చివరి మాట అదే.

శనివారం వెళ్లాను. "ఆయమ్మ రాలేదా?" అన్నాడు పాప తండ్రి. పోయారని చెప్పాను. మీరేం చెబితే అది చేస్తానని మాత్రం అనగలిగాను. సున్నం బకెట్టు సిద్ధంగా ఉంది. తుడిపేయమని ఒక పెద్దాయన అన్నాడు.

పాప తండ్రి అడ్డుపడ్డాడు. "సామిని తుడిపేదానికీ నాకు భయమే. బొమ్మలు ఉండనీ. కళ్లు మూయించండి సార్, సామికి మా చేన్ల దావ కనపడదు. క్లాసు జరగనీ, పిల్లోళ్లు గీసుకోనీ. ఇంక మీద మమ్మల్ని అడిగి గీయండి."

పిల్లలు ఒక్కో ఏనుగుకూ మూసిన రెప్పలు గీశారు. పైన అమ్మ గీసిన ఏనుగు ఒక్కటే మిగిలింది. అది ఎవరికీ అందదు. ఆవిడ ఉంటే బాగుండునని అప్పుడు గట్టిగా అనిపించింది. పాప తండ్రే కూతుర్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. పాప ఊపిరి బిగబట్టి రెప్ప గీస్తోంది. ఆయన గోడ వైపు చూడలేదు. పాప కాళ్లు గట్టిగా పట్టుకుని, వెనకనున్న కొండ వైపే చూస్తూ నిలబడ్డాడు.