ఎర్రకోళ్ళతో తోటకాపురం

తిరువూరులో ముదురు గోధుమరంగు గుడ్డు కావాలంటే మా ఇంటికే రావాలి. మా అత్తగారు అక్కమ్మగారి పెరట్లో తప్ప ఈ ఊళ్ళో ఆ రంగు గుడ్డు పెట్టే కోడి ఎక్కడా లేదు. చింతగింజ రంగుకు ఒక్క పిసరు తక్కువ అనుకోండి. అప్పుడే పెట్టిన గుడ్డయితే తడి ఆరేదాకా ఇంకా ముదురుగా కనిపిస్తుంది. కోడలిని కాబట్టి అనడం కాదు, ఈ మాట ఎవరు చెప్పినా ఇంతే గొప్పగా చెబుతారని నా నమ్మకం.

బ్లాకు ఆఫీసు వాళ్ళు మా పేటలో నాలుగైదు ఇళ్ళకు ఈ ఎర్రకోడి పిల్లలను పంచారు. మిగతావాళ్ళు అల్లుడొచ్చాడని ఒకటి, చుట్టమొచ్చాడని ఒకటి కోసుకున్నారు. మా అత్తగారు మాత్రం ఒక్కదాన్నీ తెగనివ్వలేదు. చిన్న వయసులోనే భర్త పోతే, ఊడ్పులకూ కలుపులకూ కూలికి వెళ్ళి కొడుకును టీచరు చేసిన మనిషి. ఎవరూ పిలవకుండా, ఎవరి పొలానికీ పోకుండా తనంతట తాను చేసుకున్న మొదటి పని ఈ కోళ్ళ పెంపకం. తెల్లారగానే గూటి తలుపు తీసి వాటి వెనకాలే పెరడంతా తిరిగేది. ఊళ్ళో హనుమయ్యగారి బియ్యం మిల్లు నుంచి తవుడూ నూకలూ తెచ్చి తడిపి పెట్టేది. చెదపుట్టలు ఎక్కడున్నాయో చూసుకుని గడ్డపారతో తవ్వి మరీ వాటికి చెదలు తెచ్చేది.

మొదట్లో ఆ గుడ్లను ఎవరూ నమ్మలేదు. పక్కింటి శౌరయ్యకు నాటుకోళ్ళు చాలా ఉండేవి. గోడ మీంచి రోజూ ఏదో ఒక మాట విసిరేవాడు.

"వదినా, గుడ్లని టీనీళ్ళలో నానబెడతన్నావంటగా?"

"నానబెట్టడానికి మా ఇంట్లో టీ ఎక్కడేడ్చింది శౌరయ్యా? వచ్చినప్పుడల్లా నువ్వే తాగిపోతన్నావుగా!"

మా అత్తగారు కొనడానికి వచ్చినవాళ్ళ ముందే గుడ్డును తడిగుడ్డతో తుడిచి, "ఏదీ, రంగు అంటిందేమో చూడండి" అని ఆ గుడ్డను వాళ్ళ చేతికిచ్చేది. అలా అలవాటు పడ్డారు. తరవాత్తరవాత స్కూలు మాస్టర్ల ఇళ్ళలో బాలింతకు గుడ్డంటే అక్కమ్మ గుడ్డే.

నేను గుంటూరులో జంతుశాస్త్రం చదివాను. ఆ రంగు ఎలా వస్తుందని ఒకరోజు ఆవిడే అడిగింది. కోడి కడుపులో ముందు తెల్లటి పెంకు తయారవుతుందనీ, బయటికి వచ్చే ముందు పైన రంగు పడుతుందనీ చెప్పాను.

"అంటే గోడకు సున్నమేసి పైన రంగేసినట్టు."

"అంతే అత్తయ్యా."

"మేస్త్రీ మంచోడే" అంది, గుడ్డును ఎండకేసి తిప్పి చూస్తూ.

నిరుడు వానలు వెనకబట్టాక గుడ్ల రంగు వెలవెలబోతూ వచ్చింది. చివరికి గుడ్లే ఆగిపోయాయి. కోళ్ళకు మెడ దగ్గర మొదలుపెట్టి ఈకలు రాలసాగాయి. నున్నగా ఎర్రగా మెరిసిన కోళ్ళు చిరిగిన చాపల్లా తయారయ్యాయి. సరిగ్గా అప్పుడే గంపలగూడెం వైపు కొక్కెర తెగులు వచ్చిందని విన్నాం. ఆ తెగులు వస్తే కోడి మెడ వంకరపోతుంది, నోరు తెరిచి రొప్పుతుంది, పచ్చగా పారుకుంటుంది, ఇక బతకదు. ఒక ఇంట్లో మొదలైతే పేటంతా ఊడ్చుకుపోతుంది.

శౌరయ్య ఇంట్లో ఒక పుంజు చచ్చిపోయింది. ఈసారి అతను గోడ మీంచి మాట్లాడలేదు. కత్తి పట్టుకుని మా పెరట్లోకే వచ్చాడు.

"వదినా, కోసెయ్యి. ఈకలు రాలిపోతంటే ఇంకా ఏం చూస్తావు? చచ్చినాక పారెయ్యడం కంటే ఉన్నప్పుడే కూరొండుకోవడం నయం. నీ కోళ్ళ రోగమే నా పుంజుకి అంటింది."

"నీ పుంజు రోగం నా కోళ్ళకి అంటకుండా ఉంటే అంతే చాలు" అంది ఆవిడ. కానీ గొంతులో ఎప్పటి పదును లేదు.

నాకు భయం పట్టుకుంది. అప్పుడే పాకడం నేర్చిన మా పాప పెరట్లో ఈక దొరికితే నోట్లో పెట్టుకునేది. కోళ్ళ తెగులు పిల్లలకు అంటదని చదువుకున్నాను. అయినా ఆ ఈకలు పాప నోట్లోంచి తీస్తున్నప్పుడు చదువు గుర్తురాదు. "వద్దు అత్తయ్యా, శౌరయ్యగారు చెప్పినట్టు చేద్దాం" అన్నాను.

ఆవిడ ఒక పెట్టను ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. వీటిని కోస్తే మళ్ళీ ఆ జాతి మా ఊళ్ళో ఉండదు. బ్లాకు వాళ్ళు మళ్ళీ ఎప్పుడిస్తారో, ఇస్తారో లేదో తెలియదు. దాని మెడ ఈకలు విడదీసి చూస్తూ, "అమ్మాయ్, ఒకసారి ఇట్రా. రోగమైతే మేత ముట్టదు. ఇది తింటానే ఉంది. నాకేం తెలీట్లేదు, నువ్వు చూడు" అంది.

పాపను చంకనెత్తుకుని వంగి చూశాను. రాలిన చోట చర్మంలోంచి సన్నటి ముళ్ళలా కొత్త ఈకలు మొలుస్తున్నాయి. కన్ను తేటగా ఉంది, రొప్పు లేదు. పాము కుబుసం విడిచినట్టు కోడి పాత ఈకలు రాల్చుకుంటోంది. ఒంట్లో సత్తువంతా ఈకలకే పోతుంది కనక గుడ్లు ఆగాయి. ఆ మాటే చెప్పాను.

"కానీ తెగులు పక్కింట్లో ఉంది అత్తయ్యా. ఇవాళ రాకపోయినా రేపు రావచ్చు."

"అయితే పక్కిల్లు లేని చోటికి పోతా."

అన్నట్టే చేసింది. విస్సన్నపేట దారిలో హనుమయ్యగారికి మామిడితోట ఉంది. కాపు లేని కాలం, కాపలాపాక ఖాళీగానే ఉంది. ఆవిడ అడగ్గానే ఆయన, "మేం గుడ్డు వాసన కూడా పడనివాళ్ళం అక్కమ్మా, నా తోటలో కోళ్ళ కాపురమా?" అని నవ్వి, సరే పొమ్మన్నారు. పుంజుతో సహా కోళ్ళను పెద్ద గంపలో పెట్టుకుని, చాపా కుండా సర్దుకుని ఆవిడ తోటకు వెళ్ళిపోయింది.

అన్నం నేను తీసుకెళ్ళేదాన్ని. కంచె దాటనిచ్చేది కాదు. "పేటలో తిరిగిన కాళ్ళు, ఆడే ఆగు. అన్నం గట్టు మీద పెట్టు" అనేది. తెగులు మనుషుల కాళ్ళకు అంటుకుని కూడా వస్తుందని నేనే చెప్పిన జాగ్రత్తను నా మీదే అమలు చేసింది. పాపను కంచె ఇవతలి నుంచే ఆడించేది. మనవరాలిని ఎత్తుకోకుండా అన్నాళ్ళు ఉండటం ఆవిడకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఊళ్ళో మాత్రం, కోళ్ళ కోసం ఇల్లొదిలిన అత్తగారని నవ్వుకున్నారు.

శౌరయ్య కోళ్ళు ఒక్కటీ మిగల్లేదు. ఆ కబురు చెబితే ఆవిడ సంతోషించలేదు. "పాపం, దెబ్బలాటకైనా రోజూ పలకరించే మనిషి" అంది.

మామిడాకుల కింద చెదలూ పురుగులూ తిని కోళ్ళు కొత్త ఈకలతో నిండుగా తయారయ్యాయి. ఊళ్ళో తెగులు సద్దుమణిగింది. బెజవాడ నుంచి టీకా మందు రాగానే పశువుల డాక్టరుగారిని తోటకే పిలిపించి వేయించాం. కోళ్ళకు టీకా నీరసం తీరిన కొన్నాళ్ళకు ఒక పొద్దున నేను అన్నం తీసుకెళ్ళేసరికి ఆవిడ కంచె దగ్గరే నిలబడి ఉంది. చేతిలో గుడ్డు. అంత ముదురు రంగు గుడ్డు మునుపెన్నడూ చూడలేదు. కోడి విశ్రాంతి తీసుకున్నాక మొదట పెట్టే గుడ్లకు రంగు బాగా పడుతుంది. ఆ సంగతి ఆవిడకు తర్వాత చెప్పొచ్చనుకున్నాను. ఆ గుడ్డు పాపకు పెడదామని చెయ్యి చాచాను.

"ఇది తినడానికి కాదు. పొదగెయ్యడానికి" అంది.

కోళ్ళను ఇంటికి తెచ్చే రోజున శౌరయ్య పిలవకుండానే తోటకు వచ్చాడు. కంచె బయట నిలబడి తల గోక్కున్నాడు. "వదినా, మా ఆవిడ పుట్టింటి నుంచి పొదిగే పెట్టనొకదాన్ని తెచ్చింది. దాని కింద పెట్టడానికి గుడ్లు లేవు."

"టీనీళ్ళలో నానేసినియ్యి పనికొస్తయ్యా?"

"ఇక చాల్లే వదినా!"

"ముందు ఆ గంప ఎత్తు. తర్వాత చూద్దాం."

చుట్టూ తిరిగి వెనక సందులోంచి పోదాం, కోళ్ళు బెదరవు అన్నాను. ఆవిడ వినలేదు, బజారు దారే పట్టింది. శౌరయ్య గంప నెత్తిన పెట్టుకుని, "తప్పుకోండయ్యా, పెళ్ళికూతుళ్ళొస్తన్నారు" అని కేకలేస్తూ నడిచాడు. పాపను చంకనేసుకుని ఆవిడ అతని ముందు నడిచింది. బజారు నడిమధ్య కాఫీ హోటలు ముందు కూర్చున్న ఒకాయన లేచి వచ్చి మునివేళ్ళ మీద నిలబడి గంపలోకి తొంగిచూశాడు. ఎండకు కోళ్ళు రాగి చెంబుల్లా మెరుస్తున్నాయి.

"అమ్మకానికేనా?"

మా అత్తగారు ఆగింది. శౌరయ్యను గంప కాస్త కిందికి దించమంది.

"అమ్మకానికి కాదు బాబూ. చూసుకో."