జ్వరం లేనివాళ్ల జాబితా

జనం కరోనాకు దడుస్తున్న ఆ ఏడు, సూరత్‌లో సాంచాల మీద బట్ట నేసే సాంబయ్యకు ఒక గౌరవం దక్కింది. మలేరియా వస్తే మూత్రంలో ఏయే పదార్థాలు మారతాయో వెతికేవాళ్లు అమ్రోలిలోని అతని గల్లీకి వచ్చి, పోల్చి చూడటానికి జ్వరం లేనివాళ్లది కూడా కావాలన్నారు. ఆ జాబితాలో మొదటి పేరు అతనిది. అందుకోసం జర్దా మానేశాడు. వారం వారం మూత్రం డబ్బీని కండువాతో తుడిచి, రెండు చేతులతో అందించేవాడు. ఎవరైనా దగ్గితే, "నా లెక్క గట్టిగ ఉండాలె" అనేవాడు.

శ్రావణంలో ఒక పొద్దున మంచం కదిలేలా వణికాడు. "జర నువ్వు నింపియ్యవే, నా పేరు కొట్టేస్తరు" అని భార్యను బతిమాలాడు.

"నాదిస్తే రిపోర్టుల నువ్వు ఆడమనిషివని అస్తది" అంటూ గంగవ్వ, నమూనాలు తీసుకునే నవతను లోపలికే పిలిచింది. నవత వేలు పొడిచి రక్తం చూసింది. మలేరియానే. మాస్కు పైన ఆమె కళ్లు మెరిశాయి.

"కాకా, జ్వరం రాకముందుది, వచ్చినంకది ఒక్క మనిషిదే దొరకాలె. అప్పుడే ఒంట్ల ఏం మారిందో పక్కా తెలుస్తది. గిట్ల మాకు దొరికింది నువ్వొక్కనివే."

"ఇంకెవ్వరు లేరా?"

"లేరు కాకా."

సాంబయ్య ఇంకోసారి అడిగి రూఢి చేసుకుని, మళ్లీ వణకడం మొదలుపెట్టాడు.