మసి అక్కరలేని వేషం

క్రిస్మస్ నాటకంలో వేషాలు పంచే పని మా సంఘంలో ఎప్పుడూ నాదే. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకు వచ్చిందల్లా నోరు. నలుగురినీ నవ్విస్తాను కదా అని పాస్టరయ్య ఆ పని నాకు అప్పగించారు.

తిరుమణి దగ్గర సోలార్ ప్లాంటులో మేం ప్యానెళ్లు కడుగుతాం. ఆ ఏడు నాతో పాటు నీళ్ల పైపు పట్టింది జార్ఖండ్ నుంచి వచ్చిన ఒకాయన. తాతల కాలం నుంచీ క్రైస్తవులే. భార్యనూ, నాలుగేళ్ల కూతురినీ వెంటబెట్టుకొని ప్రతి ఆదివారం మేం ప్రార్థన చేసుకునే రేకుల షెడ్డుకు వచ్చి, వెనక చాప మీద కూర్చునేవాడు. తెలుగు మా దగ్గరే నేర్చుకున్నాడు.

వేషాలు పంచే రోజు ఆయనే ముందుకు వచ్చి అడిగాడు.

"అన్నా, నాకు గొర్రెల కాపరి వేషం ఇయ్యి. చిన్నప్పుడు మేకలు కాసినా. ఎట్ల అదిలించాలో తెలుసు."

నేను ఆయన్ని తల నుంచి కాళ్ల దాకా చూశాను. చుట్టూ పదిమంది నా నోటి కోసమే కాచుకొని ఉన్నారు. ఊరుకోగలనా?

"నీది సైతాను వేషమప్పా. ఏటా మసి పూసీ పూసీ మా చేతులు అరిగిపోయినాయి. నీకు ఆ పని దేవుడే చేసి పంపించినాడు."

షెడ్డంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వును నేను ఒప్పుకోలు అనుకున్నాను.

కొమ్ములు కట్టుకొని, ఒక్క మాట తప్పకుండా వేషం వేశాడు. నాటకం అయ్యాక పిల్లలు వాళ్ల పాప చుట్టూ చేరి "సైతాను కూతురు" అని గెంతారు. ఆ పాఠం వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పనక్కరలేదు. మరుసటి ఆదివారం వెనక చాప ఖాళీ.

మా తాత పెద్ద కులాల వీధిలో చెప్పులు చేత పట్టుకొని నడిచిన మనిషి. దేవుడి ముందు అందరూ ఒకటేనన్న మాట విని బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ కథను సాక్ష్యంగా చెప్పి జనాన్ని ఎన్నిసార్లు ఏడిపించానో. ఆయన చెప్పులు తొడుక్కున్న చోటే నేను ఇంకొకరి చేత విప్పించాను.

ఈ సంగతి నాకు తట్టడానికి రెండు వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం ప్యానెల్ నీడలో ఆ జార్ఖండ్ ఆయన అన్నం తింటుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"తప్పైపోయినాది. మనసులో పెట్టుకోవద్దప్పా."

ఆయన డబ్బా మూత పెట్టాడు. "అన్నా, ఆ పొద్దు అందరి ముందర అంటివి. ఇప్పుడు ఒక్కడివే వచ్చినావు."

"ఏం చేయమంటావు?"

"పాప ఆడికి రానంటాది. నువ్వు అందరి ముందర చెప్తానంటే తీసుకొని వస్తా."

సరేనన్నాను. ఆ ఆదివారం మాట ప్రకారం భార్యనూ, పాపనూ తీసుకొచ్చాడు. సాక్ష్యాల సమయంలో లేచి మైకు అందుకున్నాను.

"నేను పాపం చేసినాను."

"అది మాకు తెలీందా ఏందప్పా," అంది ముందున్న ఒక అవ్వ. అందరూ నవ్వారు.

సైతాను వేషం సంగతి ఎత్తగానే నాటకం గుర్తొచ్చి మళ్లీ నవ్వారు. నవ్వొద్దండి అన్నాను. ఇంకా ఎక్కువైంది. నా గొంతు జీరబోతే, "యాక్టింగు సూడు, కండ్లల్లో నీళ్లు గూడా తెప్పించినాడు" అన్నాడు ఒకడు. ఇన్నేళ్లూ నేను సంపాదించుకున్న పేరు అది.

పాప తండ్రి చొక్కా పట్టుకొని గుంజుతోంది. మళ్లీ తనను చూసే నవ్వుతున్నారనుకుంది. ఆయన పాపను ఎత్తుకొని లేచాడు, వెనకే భార్య. గడప దగ్గర దించి, వంగి, దానికి చెప్పులు తొడిగాడు.

మైకు అక్కడే పడేసి బయటికి పరుగెత్తాను. ప్యానెళ్ల మధ్య దారిలో ముగ్గురూ నడిచి వెళ్తున్నారు. పిలిస్తే వినపడేంత దూరమే. నా గొంతు వింటే ఆ పాప ఎక్కడ బెదురుతుందో అని పిలవలేదు.