తాతయ్య కాలి మీద గుంట

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మలికిపురంలో నేను నాలుగో తరగతి చదివే రోజుల్లో, మా తాతయ్య ప్రతి ఆదివారం పొద్దున్నే తన ఎండుకొబ్బరి కొట్టులోని కాటా ఎక్కేవారు. ఆయనకు గుండెజబ్బు. ఒళ్ళు తగ్గకపోతే గుండె మోయలేదని డాక్టరు గట్టిగా చెప్పారట. మనిషి భారీ కావడంతో బస్తాలు తూచే ఆ కాటాయే ఆయనకూ పనికొచ్చింది.

మా మామ్మ పట్టుదల గల మనిషి. తాతయ్య చేత రాత్రి అన్నం మాన్పించింది. ఆకలేస్తే తాగమని ఉప్పు వేసిన మజ్జిగ చెంబుల కొద్దీ ఇచ్చేది. మజ్జిగకు ఒళ్ళు రాదని ఆవిడ నమ్మకం. ఆయన చాటుగా ఏమీ తినకుండా కనిపెట్టే ఉద్యోగం నాకిచ్చింది. బడి వదలగానే వెళ్ళి కొట్టులో ఆయన పక్కనే కూర్చునేదాన్ని. మొదట్లో బరువు బాగానే తగ్గింది.

ఒక ఆదివారం మాత్రం కాటా ఏకంగా మూడు కిలోలు ఎక్కువ చూపించింది. మామ్మ ముఖం మాడిపోయింది. ఏమీ తినలేదని తాతయ్య ఎంత చెప్పినా వినకుండా నా వైపు తిరిగింది. ఆయన తినగా నేను చూడలేదు. కానీ సరిగ్గా కాపలా కాయలేదని నన్నంటారేమోనని భయం.

"నేను బడికెళ్ళినప్పుడు హోటల్లో తిన్నారేమో మామ్మా" అన్నాను.

తాతయ్య నన్ను తిట్టలేదు. కాటా దిగి, ఆయాసపడుతూ బస్తా మీద కూర్చున్నారు.

అప్పుడే చర్చి నుంచి వస్తూ పక్కింటి అక్క ఆగింది. అమలాపురం ఆసుపత్రిలో నర్సు. సంగతి విని, బైబిలు నా చేతికిచ్చి, తాతయ్య ముందు గొంతుక్కూర్చుని చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది తిండి కాదండీ మామ్మగారూ, నీరు. పడుకుంటే ఆయాసం వస్తందా తాతగారూ?"

"ఆయ్. నాల్రోజుల్నుంచీ కూర్చునే నిద్రపోతన్నానమ్మా."

"మరి చెప్పలేదేంటండీ?"

"తిన్న ఆయాసమే అంటారని ఊరుకున్నాను."

ఉప్పు మజ్జిగ సంగతి తెలిసి అక్క తల పట్టుకుంది. గుండె బలం లేనివాళ్ళకు ఉప్పు ఒంట్లో నీరు నిలబెట్టేస్తుందని చెప్పి, ఆ పూటే కారు మాట్లాడించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇంకొక్క రోజు ఆగితే కష్టమయ్యేదని అక్కడ డాక్టరు అన్నారట. ఆ మాట విని మామ్మ చెంబు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

వారానికి తాతయ్య ఇంటికొచ్చేరు. నేను చూడకుండానే చెప్పానని ఒప్పుకుంటే, "తెలుసులేమ్మా" అన్నారు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఉప్పు మానేశాక మెల్లగా బరువు తగ్గి, ఇంకా చాలా ఏళ్ళు ఆ కొట్టు నడిపారు.

ఇప్పుడు మా ఆయనకూ గుండెజబ్బే. రోజూ పొద్దున్నే బరువు చూస్తాం. ఎక్కువ చూపించిన రోజున ఏం తిన్నారని అడగను. కింద కూర్చుని కాలి మీద వేలితో నొక్కి చూస్తాను. రాత్రి నిద్ర ఎలా పట్టిందని అడుగుతాను.